తొట్టిలో నానిన ఉత్తుత్తి తోలు

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే మా అమ్మ నవ్వుతుంది. "మొన్నమొన్నటి ముచ్చటకు గూడ ఆ రోజులేందే?" అంటుంది. నిజమే, నేను చెప్పబోయేది చేతికో ఫోను, ఫోనుకు పదహారు గ్రూపులు వచ్చేసిన కాలపు సంగతే. అయినా అప్పటి నన్ను తలచుకుంటే ఆ పిల్ల నాకు ఏమవుతుందో అర్థం కాదు. ఆ ముక్కు, ఆ గొంతు నావే కాబట్టి ఒప్పుకోక తప్పడం లేదు గానీ, లేకుంటే ఎప్పుడో తెగతెంపులు చేసుకునేదాన్ని. ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. ఎదుటివాళ్ళకు తెలిసిన విషయమంటూ కూడా లేదు. మెడలో గుర్తింపు కార్డు, చంకలో ఫైలు ఉంటే మనిషి నేలకు జానెడు ఎత్తున నడవవచ్చని గట్టిగా నమ్మేదాన్ని. నడిచాను కూడా. పడ్డ చోటు గురించే ఇప్పుడు చెబుతున్నాను.

నేను చదివింది హైదరాబాదులో ఆరు నెలల కోర్సు. చెప్పులు, సంచులు, తోలు వస్తువుల తయారీ. అందులో నాలుగు నెలలు హాస్టల్ పప్పును తిట్టుకోవడానికి సరిపోయాయి. మిగిలిన రెండు నెలల్లో నేను బట్టీ పట్టింది ఒకే ఒక్క పుస్తకం, మైక్రోఫైబర్ సింథటిక్ లెదర్ గురించి. పశువు అక్కర్లేని తోలన్నమాట. చూస్తే తోలే, పట్టుకుంటే తోలే, కోసి చూస్తే అంచు కూడా తోలులాగే ఉంటుంది. రెక్జిన్‌లాగా రెండు వానలకే పొట్టు రాలదు. బూట్లకు, కారు సీట్లకు, సోఫాలకు, ఆడుకునే బంతులకు అన్నింటికీ అదే వాడుతున్నారు. పట్టా చేతికొచ్చిన మర్నాడే కామారెడ్డిలో బాపు నడిపే చెప్పుల దుకాణానికి వెళ్ళి, కొనడానికొచ్చిన గిరాకీ ఎదుటే ఒక చెప్పు అందుకుని, "ఇది తోలు కాదు బాపూ, ఉత్త రెక్జిన్" అని ప్రకటించాను. అంతటితో ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? పట్టీ కొసకు అగ్గిపుల్ల గీసి పెట్టాను. అసలు తోలయితే వెంట్రుకలు కాలిన వాసన, కాకపోతే ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుందని పుస్తకంలో ఉంది. పుస్తకం అబద్ధం చెప్పలేదు. వాసన వచ్చింది, గిరాకీ పోయింది. బాపు ఆ పూటకు కాలిన చెప్పును బల్ల కిందికి తోసేశాడు. సాయంత్రం అమ్మతో మాత్రం, "దీనికి జల్ది నౌకరి దొరకాలె, లేకుంటె నేను దుకానం ముయ్యాలె" అన్నాడట.

నౌకరీ దొరికింది. ఒక సంస్థ (పేరు ఎందుకు లెండి, దాని మీద నాకు ఇంకా కోపమే గానీ గొడవ పెట్టుకునేంత ఓపిక లేదు) ఎల్లారెడ్డిలో ఆడవాళ్ళకు ఈ ఉత్తుత్తి తోలుతో సంచులు కుట్టడం నేర్పే కేంద్రం పెట్టింది. నేను శిక్షకురాలిని. మొదటి ఆరు నెలలు ప్రొబేషన్. పని నచ్చకపోతే మారు మాట లేకుండా పంపించేస్తామని మొదటి కాగితంలోనే రాశారు. రోజూ పొద్దున్నే కామారెడ్డిలో బస్సెక్కి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డిలో దిగేదాన్ని. కేంద్రమంటే ఏ అద్దాల మేడో అనుకునేరు. గిరాకీ లేక మూతపడ్డ ఒక ఫంక్షన్ హాలు వెనకాల భోజనాల గది. ఒక గోడకు వరసగా చేతులు కడుక్కునే నల్లాలు, ఆ పక్కనే గిన్నెలు తోమడానికి కట్టిన పెద్ద సిమెంటు తొట్టి. నల్లాల పైన మా సంస్థ ఫ్లెక్సీ. అందులో ఒక దొరసాని మెరిసే సంచి పట్టుకుని పెళ్ళిలో వంట బాగా కుదిరినట్టు నవ్వుతూ ఉండేది. నాపైన కోఆర్డినేటర్ సారు ఒకాయన, కామారెడ్డి ఆఫీసులో కుర్చీ దిగకుండా మమ్మల్ని నడిపించేవాడు. ఆయన నోటి మాట విన్నవాళ్ళు తక్కువ. ఏం పంపినా వాట్సాప్‌లో పైకెత్తిన బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చేది. హాజరు పంపితే వేలు. కరెంటు లేదంటే వేలు. మరుగుదొడ్డి తలుపు ఊడిందంటే దానికీ వేలే.

మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో చాలామంది బీడీలు చుట్టేవాళ్ళు. చాట ఒళ్ళో పెట్టుకుని, మాట ఆపకుండా, చేతివైపు చూడకుండా, ఆకులో తంబాకు పోసి చుట్టి దారం బిగించే వేళ్ళు వాళ్ళవి. ఆ వేళ్ళకు నేను కత్తెర పట్టుకోవడం నేర్పాలట. కుట్టు మిషన్ మీద చేయి తిరిగిన ఒకామెను అందరూ ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళు. భర్త గల్ఫులో ఉంటే ఇంటిని ఇక్కడ ఒంటిచేత్తో నడిపే మనిషి. అందరిలోకీ పెద్దదాన్ని నేను మనసులో కత్తెరవ్వ అని పిలుచుకునేదాన్ని. మొదటిరోజు సంస్థ ఇచ్చిన కొత్త కత్తెర చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "గిది దేనికి పనికొస్తది బిడ్డా, కొత్తిమీరకా?" అని నాకే తిరిగిచ్చి, సంచిలోంచి తన బీడీ ఆకు కత్తెర తీసింది. అరిగి అరిగి సన్నబడ్డ కత్తెర, కానీ గీత మీద గీతలాగే పోయేది. అవ్వకు దగ్గు. మొదలైతే ఆమె మాట్లాడలేదు, మేమూ మాట్లాడలేం. "తంబాకు ఇడ్వకుంటె నీ పానానికి పూచి నాది గాదన్నడు దవాఖాన్ల డాక్టరు. గందుకే గీడికొచ్చిన. గీ పనన్న అబ్బితె ఇంకిన్ని రోజులు బతుకుత" అంది హాజరు వేసేటప్పుడు. నేను ఆ మాటకు తలూపి, వరస సంఖ్య వేసి, తర్వాతి పేరు పిలిచాను. అదీ నా దయాగుణం.

కుట్టు నేర్పమంటే కుట్టు నేర్పాలి కదా. నేను మొదటి వారమంతా పాఠం చెప్పాను. అదీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో కాదు, రేడియోలో వార్తలు చదువుతున్నట్టు. గోడకు పటం వేలాడదీసి, కర్ర పుచ్చుకుని, ఈ తోలు ఎలా పుడుతుందో వివరించాను. రెండు రకాల ప్లాస్టిక్‌లను కరిగించి, రెండూ కలిపి ఒకే దారంగా తీస్తారు. ఆ దారాన్ని అడ్డంగా కోసి భూతద్దంలో చూస్తే ఒక ప్లాస్టిక్ సముద్రంలాగా, రెండోది అందులో చెల్లాచెదురుగా ఉన్న దీవుల్లాగా కనిపిస్తుంది. ఆ దారాలను తుంచి, దూది ఏకినట్టు ఏకి, పరుపులాగా పరుస్తారు. ముళ్ళున్న సూదులు వేలకు వేలు ఒకేసారి దిగి లేచి ఆ పరుపును కంబళిలాగా బిగిస్తాయి. దానికి పాలియురెథేన్ అనే జిగురులాంటి ద్రవం తాగిస్తారు. ఆపైన క్షారం కలిపిన మరిగే నీళ్ళలో వేస్తే సముద్రం మొత్తం కరిగి పోతుంది, దీవులు మాత్రం మిగులుతాయి. మిగిలిన ఆ పోగులు ఎంత సన్నమంటే వాటి పక్కన మన వెంట్రుక మోకులా ఉంటుంది. అసలు తోలులో కూడా పోగులు అలాగే కట్టలు కట్టలుగా అల్లుకుని ఉంటాయి, అందుకే చేతికి తోలులాగా తగులుతుంది. తర్వాత రంగు నీళ్ళలో గంటల తరబడి ఉడికిస్తారు, గరుకు కాగితంతో రుద్ది నునుపు చేస్తారు. చివరికి గీతలు అచ్చువేసిన ఒక కాగితం మీద పల్చని పొర పోసి, దాన్ని ఈ కంబళికి అతికించి, కాగితం ఊడబీకితే పైన చర్మపు ముడతలు, రంధ్రాలు అన్నీ తయారు. (ఏనాడూ పుట్టని బర్రెకు ఒంటి మీద రంధ్రాలు! ఈ దేశంలో ఉన్న బర్రెలకు మేత దొరకదు గానీ లేని బర్రెకు ఇంత సింగారం.) ఇదంతా నేను ఊపిరి బిగబట్టి అప్పజెప్పి క్లాసు వైపు చూశాను. ఇద్దరు కునుకుతున్నారు. ఖాలా ఫోనులో భర్త పంపిన ముచ్చట వింటోంది. కత్తెరవ్వ చివరి వరసలో గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. నా పాండిత్యం అడవిలో కాచిన వెన్నెలైందని సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలా బాధపడ్డాను. ఇంతటి మేధావిని ఎల్లారెడ్డికి పంపినందుకు ఆ సంస్థను తిట్టుకున్నాను.

రెండో నెలలో మాకు పని వచ్చింది. పైవాళ్ళ సభ ఏదో ఉందట, దానికి ల్యాప్‌టాప్ సంచులు కుట్టాలి. మా గదిలో ల్యాప్‌టాప్ చూసినదాన్ని నేనొక్కదాన్నే, అదీ హాస్టల్లో ఇంకొకరిది. ముక్కలు కోయడం బాగానే సాగింది. అంచులు మడిచేచోట పని ఆగింది. మాకు పంపిన తోలు మందమైనది, గట్టిది. మడిచి జిగురు పెట్టి నొక్కితే చెయ్యి తీయగానే మళ్ళీ లేచి నిలబడేది. అంచును పలచగా చెక్కే మిషన్ ఒకటి ఉంటుంది, అది ఉంటే ఏ బాధా లేదు. ఆ మిషన్ వస్తోందని చెప్పారు. (ఇప్పటికీ వస్తూనే ఉందని విన్నాను.) సోమవారం సారు స్వయంగా తనిఖీకి వస్తున్నారని, కనీసం ఇరవై సంచులు టేబుల్ మీద కనబడాలని శుక్రవారం కబురొచ్చింది. ఆ ఇరవై సంచులకు సరిపడా ముక్కలే మిగిలాయి, చుట్టగా పంపిన తోలు అయిపోయింది. "అంచులు పట్టి మడవండి, బలంగా మడవండి" అని ఉపదేశించి నేను బస్సుకు పరిగెత్తాను. ఇల్లు దగ్గర కాబట్టి ఊడ్చి తాళం వేసే పని కత్తెరవ్వది.

శనివారం పొద్దున నేను వెళ్ళేసరికి టేబుల్ ఖాళీ. ముక్కలేవని అడిగితే అవ్వ చిన్నగా నవ్వుతూ తొట్టి వైపు చూపించింది. తొట్టి నిండా నీళ్ళు. నీళ్ళలో ఇరవై సంచుల ముక్కలూ పొందికగా పేర్చి, పైన తడి గోనెపట్టా కప్పి, దానిమీద బరువుకు రాయి పెట్టి ఉంది. బీడీలు చుట్టే ఇళ్ళలో ఇది రోజూ చేసే పని. తునికాకు ఎండిపోయి పెళపెళలాడుతుంటుంది కాబట్టి ముందు నానబెట్టి, తడి గోనెలో చుట్టిపెడతారు. పొద్దునకు మెత్తబడుతుంది, కోస్తే చిరగదు, చుడితే విరగదు. మెత్తబడని తోలుకు అవ్వ తనకు తెలిసిన వైద్యం చేసింది. నాకు మాత్రం ఆ తోలు చుట్ట మీద అచ్చువేసిన గొడుగు బొమ్మ కళ్ళముందు కనిపించింది. గొడుగు బొమ్మంటే తడి తగలనీయరాదని అర్థం. కోర్సులో ఆ ప్రశ్నకు నాకు రెండు మార్కులు వచ్చాయి.

"ఇదేం పని?" అన్నాను. అన్నానని మర్యాదకు రాస్తున్నాను గానీ అరిచాను. "సర్వనాశనం చేశావు! ఇదేమైనా బీడీ ఆకనుకున్నావా?"

"గది గాదు బిడ్డా, నువ్వే గద మొన్న..."

"నువ్వేం మాట్లాడకు! బీడీలు చుట్టుకునేవాళ్ళకు తోలు పనేం తెలుస్తుంది?"

తలలన్నీ నావైపు తిరిగాయి. ఆ గదిలో బీడీలు చుట్టని మనిషి నేనూ, ఖాలా, ఫ్లెక్సీలో దొరసానీ తప్ప ఎవరూ లేరన్న సంగతి నాకు తట్టనే లేదు. నా కంగారంతా సోమవారం గురించే. నౌకరీ పోతుంది. బాపు అప్పటికే చుట్టాలందరికీ మా బిడ్డ మేడం అయిందని చెప్పుకున్నాడు, దుకాణానికి వచ్చే ప్రతి గిరాకీకి చెప్పాడు, చెప్పు కాల్చినప్పుడు పారిపోయిన గిరాకీకి కూడా చెప్పాడు. నేను తొట్టిని నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి సారుకు పంపాను. కింద రాశాను: "ఒక ట్రైనీ నిర్లక్ష్యం వల్ల విలువైన మెటీరియల్ నాశనమైంది. ఆమెను జాబితా నుంచి తొలగించవలసిందిగా ప్రార్థన." రెండు నిమిషాలకు వేలు వచ్చింది. ఆ వేలును నేను రాజముద్ర చూపినట్టు అవ్వకు చూపించి, "సారు ఒప్పుకున్నారు. రేపటి నుంచి రావద్దు" అన్నాను. (మర్నాడు ఆదివారమని, ఎటూ ఎవరూ రారని కూడా నాకు గుర్తు లేదు. అంత ఆవేశం.) అవ్వ కత్తెర కొంగుతో తుడిచి సంచిలో వేసుకుని, తాళంచెవి ఖాలా చేతికిచ్చి వెళ్ళిపోయింది. గుమ్మం దాటాక దగ్గు వినిపించింది. చాలాసేపు వినిపించింది.

ఖాలా మిషన్ ఆపి నావైపు చూసి, "గట్ల అనకపోతె మంచిగుండె మేడం. పెద్దమనిషి" అంది. లేచి తొట్టిలోంచి ముక్కలు తీసి, బయట ఎండలో షాబాదు బండల మీద పరవడం మొదలుపెట్టింది. మిగిలినవాళ్ళు వెంట నడిచారు. నేను లోపల కూర్చుని రాజీనామా ఎలా రాస్తే గౌరవంగా ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. రెండో పూటకు ఖాలా ఒక ముక్క పట్టుకుని వచ్చింది. ఎండిపోయింది. మచ్చ లేదు, ముడత లేదు, రంగు దిగలేదు, పొర లేవలేదు. తడిమి చూశాను, వాసన చూశాను, గీకి చూశాను. కొత్తది ఎలా ఉందో అలాగే ఉంది. ఎండబండ మీద కాలి వేడిగా ఉన్న ముక్క అంచును ఖాలా మడిచి నొక్కింది. మడత పడుకుంది. పొద్దంతా కాలిన బండలు మిషన్ చేయాల్సిన పనిలో సగం చేసిపెట్టాయి. వేడి తగిలితే ఈ తోలు కొంచెం మెత్తబడుతుంది, అది కూడా నా పుస్తకంలోనే ఉంది, నేను బట్టీ పట్టిన పేజీల్లోనే. సాయంత్రానికి ఇరవై సంచుల అంచులూ మడిచేశారు, సోమవారం పొద్దున కుట్టేస్తే సరి. ఆడవాళ్ళంతా చకచకా పనిచేస్తున్నారు, ఒక్కరూ నాతో మాట్లాడలేదు. నా నౌకరీ నిలబడింది. నాకు అన్నం సయించలేదు.

ఆదివారం, స్నేహితురాలి ఇంటికని అమ్మతో అబద్ధం చెప్పి ఎల్లారెడ్డి బస్సెక్కాను. అవ్వ ఇల్లు అడిగి తెలుసుకుని వెళ్ళేసరికి ఆమె వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. చాటలో తంబాకు. ఆ వాసనకు నాకే గొంతు పట్టుకుంది. ఆమె దగ్గుతూనే చుడుతోంది, వేళ్ళు మాత్రం ఆగడం లేదు. నేను వార్తల తెలుగు బస్సులోనే వదిలేసి వచ్చాను.

"అవ్వా, గా తోలుకు ఏం గాలె" అన్నాను.

"ఎర్కే" అంది తలెత్తకుండా.

"ఎట్లెర్క?"

"నువ్వే చెప్తివి గద. గా సముద్రం కరిగేదాంక మసిలేటి నీళ్ళల్ల ఏస్తరు, ఎన్క రంగుల గూడ గంటలకు గంటలు ఉడకవెడ్తరు అంటివి. మసిలేటి నీళ్ళల్లనే సావనిది నా సల్ల నీళ్ళల్ల సస్తదా?"

ఆ పాఠం విన్నది ఆ గదిలో ఆమె ఒక్కతే. చెప్పినదాన్ని నేను కూడా వినలేదు.

"మరి గప్పుడే చెప్పొద్దా అవ్వా?"

"చెప్పనిచ్చినవా?"

నేను కిందపడ్డ ఆకులు ఏరి చాట పక్కన పెట్టాను. అవ్వే జాలిపడింది. "నేను గూడ తెలివితక్కువ పనే జేసిన తియ్యి. గంత ఉడికినా మెత్తగ గానిది తొట్లె ఏస్తె మెత్తగయితదా? గది నాకు తట్టలే" అంది. ఎండకు మెత్తబడిందని, అంచులు మడత పడ్డాయని నేను చెప్పగానే మాత్రం చుట్టడం ఆపింది. "ఔనా? ఎంతసేపు పెట్టిండ్రు? బండ మీదనా, మట్టి మీదనా?" అని గుచ్చి గుచ్చి అడిగింది. నేను అన్నీ చెప్పి, ఇదే అదను అనుకుని, "రేపు రా అవ్వా" అన్నాను.

"ఎట్లొస్త? తీసేసినవ్ గద. గా సెల్లుల ఏం రాసినవో గది వాపస్ తీస్కో. గప్పుడొస్త."

ఇక్కడ నా అసలు రంగు బయటపడింది. వాపసు తీసుకోవడమంటే తప్పు నాదని సారుకు రాయడం. ప్రొబేషన్‌లో ఉన్న శిక్షకురాలు తన తోలు సంగతి తనకే తెలియదని రాయడం. సారుకు తెలియకుండా ఊరికే వచ్చి కూర్చోమని బతిమాలాను. ఆమె వినలేదు. సరేనని వాకిట్లోనే కూర్చుని, "నిన్నటి సంఘటనలో చిన్న పొరపాటు జరిగినట్లు గుర్తించడమైనది" అని రాశాను. "సదువు" అంది. చదివాను. "ఎవలు జేసిండ్రు పొరపాటు? గాలి జేసిందా?" అంది. కొట్టేసి మళ్ళీ రాశాను. ఈసారి ఆఖరున అవ్వ పేరు, మొదట నా పేరు పెట్టాను. నీళ్ళు తగిలితే ఆ తోలుకు ఏమీ కాదని, అది నాకు తెలిసి ఉండాల్సిందని, పెద్దావిడను అనరాని మాట అన్నానని, ఆమెను తిరిగి చేర్చుకోవాలని, దీనికి నా మీద ఏ చర్య తీసుకున్నా సమ్మతమేనని. పొడుగ్గా, కళ్ళు తుడుచుకుంటూ రాశాను. పంపేటప్పుడు బాపు మొహం గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని నొక్కాను.

కళ్ళు తెరిచేలోగా వేలు వచ్చింది. అదే వేలు. అంత పొడుగు మెసేజు చదవడానికి కాదు కదా, కిందికి జరపడానికి కూడా సమయం చాలదు. నిన్న అవ్వను తీసేసిన వేలు కూడా ఇలా చదవకుండా పెట్టిందేనని అప్పుడు వెలిగింది. ఎవరూ ఎవరినీ తీసేయలేదు. తీసేసింది నేనే. అవ్వ ఫోను దగ్గరికి లాక్కుని ఆ బొమ్మను తేరిపార చూసింది. "మీ సారుకు గూడ సంతకం రాదా? మా లెక్కనే ఏలు పెట్టిండు" అంది. నాకు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి. ఆమె నవ్వబోయి దగ్గింది. (సోమవారం తనిఖీ ఏమైందంటారా? సారు వచ్చారు, సంచుల పక్కన నిలబడి ఫోటో దిగారు, చాయ్ తాగి వెళ్ళారు. తొట్టి గురించి గానీ, నా తప్పు గురించి గానీ ఒక్క ముక్క అడగలేదు. ఆ సంచులు ఏ సభకు వెళ్ళాయో కూడా మాకు ఎవరూ చెప్పలేదు.)

"ఇగ రేపు వస్తవు గద?" అన్నాను. అవ్వ తడి గోనె కప్పిన ఆకు కుప్ప చూపించింది. నిన్న కేంద్రం నుంచి తిన్నగా కార్ఖానాకు వెళ్ళి వారానికి సరిపడా ఆకు, తంబాకు తెచ్చుకుందట. ఒప్పుకున్న బీడీలు అప్పజెప్పకుండా ఎలా వస్తుంది? నేను బస్సు సంగతి మరిచిపోయి ఆమె ఎదురుగా చతికిలపడ్డాను. తంబాకు ముట్టుకోనివ్వలేదు, ఆకు కోయమంది. కొలతకు ఇంత ఇనుపరేకు ముక్క ఉంటుంది, దాన్ని ఆకు మీద పెట్టి చుట్టూ కోయాలి, ఈనె అడ్డం రాకూడదు. హైదరాబాదులో ఆరు నెలలు కత్తెర పట్టిన చెయ్యి నాది. నేను కోసిన మొదటి ఆకును అవ్వ వెలుతురుకు పట్టి చూసి, "గిది మేక నోట్లెకెళ్ళి గుంజుకున్నట్టున్నది" అని పక్కన పడేసింది. రెండోదీ పడేసింది. పది ఆకులకు ఒకటి పనికొచ్చింది. వేలు బొబ్బ ఎక్కింది. మధ్యలో ఆమె ఉన్నట్టుండి, "గా కరిగిపోయిన సముద్రం నీళ్ళు యాడ పారవోస్తరు బిడ్డా? ఎవల చెరువులకు పోతయి?" అంది. నాకు తెలియదు. ఆ మాట ఏనాడూ నోటితో అనలేదు కాబట్టి అనడానికి కొంచెంసేపు పట్టింది. "తెల్వదవ్వా" అన్నాను. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "తెలుసుకోని చెప్పు" అని ఇంకో గుప్పెడు ఆకు నా ముందు వేసింది.

పొద్దు వాలుతుండగా పక్కింటామె నీళ్ళ బిందెతో అటుగా పోతూ ఆగింది. మెడలో కార్డు లేకుండా, ఒళ్ళంతా ఆకు పొట్టుతో, నాలుక కొరుక్కుంటూ కత్తెరతో కుస్తీ పడుతున్న నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవలవ్వా గీ పిల్ల?"

మా మేడం అని చెబుతుందని నేను నడుం నిటారుగా పెట్టాను. సిగ్గులేదు చూడండి, అప్పుడు కూడా. అవ్వ నేను కోసిన ఆకొకటి తీసి, రేకు మీద పెట్టి సరిచూసి, పనికొచ్చే కుప్పలో వేసింది.

"నా కాడ పని నేర్చుకుంటున్నది" అంది.

ఈ మధ్య నేనూ పెద్ద ఉద్యోగినే. కార్డు తాడు కూడా ముందటికన్నా వెడల్పుది. పని ఎక్కడ నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే హైదరాబాదులోనని చెబుతాను, కాగితాల మీద ఉన్నది అదే. చెప్పిన ప్రతిసారీ ఆ వాకిట్లో నడుం నిటారుగా పెట్టుకుని కూర్చున్న పిల్ల గుర్తొస్తుంది. పాపం, ఆ పూట ఆమె కోసిన ఆకులు లెక్కకు నాలుగు పిడికిళ్ళు కూడా ఉండవు. సోమవారం పొద్దున ఖాలా తాళం తీసేసరికి అవ్వ గుమ్మం దగ్గర కత్తెర పట్టుకుని నిలబడి ఉందట, ఒప్పుకున్న బీడీలు రాత్రుళ్ళు చుట్టుకుంటానంటూ. నేనే ఆలస్యంగా వెళ్ళాను, బస్సు తప్పిపోయి.